ఏ ఇల్లూ గీత దాటొద్దన్న వదిన

పొద్దు షిఫ్టుకు వచ్చి అప్పుడే చేతులు కడుక్కుంటున్నాను. అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, వదిన పోయింది" అన్నాడు. అంతే. ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయినట్టున్నాడు. అవతల వంటింట్లో ఎవరో పొయ్యి మీది గిన్నె దించుతున్న చప్పుడు, పక్క క్వార్టర్ ఆమె "అయ్యో" అన్న గొంతు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. గోదావరిఖనిలో ఒక దవాఖాన ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇలాంటి మాట ఎదుటివాళ్లకు ఎలా చెప్పాలో మాకు నేర్పుతారు. మనమే వినాల్సి వస్తే ఏం చేయాలో నేర్పరు. నేను మళ్లీ ఒకసారి చేతులు కడుక్కున్నాను.

రొమ్ము క్యాన్సర్. పోతుందని మాకు తెలుసు, ఆమెకు మాకన్నా ముందే తెలుసు. అయినా ఆమె చేతిలో పని ఉంది కదా, అది అయ్యేదాకా ఉంటుందిలే అని నేను లోలోపల ఒక లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఎవరి దగ్గరా అనలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా వదినది మంథని. ఇంటిల్లిపాదీ పంతుళ్లే. మాది పెద్దపల్లి దగ్గర పల్లె. నాన్న బొగ్గుబాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, అన్న కూడా బాయిలోనే ఎలక్ట్రీషియన్. పెద్దపల్లిలో ఏదో పరీక్షకు కోచింగ్ తీసుకుంటూ వాళ్లిద్దరూ కలిశారు. ఆ పరీక్ష ఇద్దరూ తప్పారు. పెళ్లి మాత్రం చేసుకున్నారు. మంథని వాళ్లు కొన్నాళ్లు మాట్లాడలేదు. మా అమ్మ కూడా మొదట్లో మూతి ముడుచుకునే ఉంది. కానీ వదిన వచ్చిన కొద్ది నెలలకే అమ్మ ఆమె చేతి చారు లేకుండా అన్నం ముట్టని మనిషైపోయింది.

కాలేజీలో లెక్కలు చెప్పేది. దాంతో పాటు హైదరాబాదులో ఒక గైడ్ మేడం దగ్గర పీహెచ్‌డీలో చేరింది. సెలవు దొరికితే పెద్దపల్లిలో రైలెక్కేది. ఏం చదువుతున్నావని చుట్టాలడిగితే చాలాసేపు ఆలోచించి, "రోడ్లు ఊడుస్తున్న" అనేది. మా అమ్మ పగలబడి నవ్వేది. "గదేందే, మున్సిపాలిటోళ్ల పనాయె!"

నాకు మాత్రం ఒక ఆదివారం సరిగ్గా చెప్పింది. వంటింట్లో పెసలు ఏరుతున్నాం. చాటలోని గింజలు తీసి గచ్చు మీద వంకరటింకరగా ఒక వరుస పేర్చింది.

"ఇది రోడ్డనుకో పిల్లా. కంప్యూటర్ల రోడ్డంటే గీత గాదు, గిట్ల చుక్కల వరుస. బండి నడుస్తుంటే చుక్క, చుక్క, చుక్క. మన ఊరి రోడ్లకే లచ్చల చుక్కలైతయి. గన్ని మోసుడు చిన్న ఫోన్‌తోని కాదు. ఇప్పుడు చెప్పు, ఏ గింజ తీస్తే రోడ్డు మారదు?"

నేను తిన్నగా ఉన్న చోట నడిమి గింజ తీశాను. మెచ్చుకోలుగా తలూపింది. మలుపు దగ్గర గింజ తీయబోతే నా చెయ్యి పట్టుకుంది. "అది తీస్తే మలుపే పోతది. మనుషులు దారి చెప్పేటప్పుడు మలుపులే చెప్తరు, నడకంత చెప్పరు. మా అల్గారిథం పని గంతే."

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. తెలిసిన చోటికి పోయేటప్పుడు కూడా ఆగి దారి అడిగేది. కూరగాయలమ్మే ఆమెనూ ఆటోవాళ్లనూ అడిగి, వాళ్లు చెప్పేదంతా చివరిదాకా వినేది. పక్కన నిలబడలేక నేను విసుక్కుంటే, "ఆమె ఏమేం ఇడిచిపెట్టి చెప్పిందో చూసినవా?" అనేది. జడలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉండేది. ఛాయ్ చల్లారి మీగడ కట్టిందాకా తాగేది కాదు. బాయి నుంచి వచ్చిన అన్నను గడపలోనే ఆపి, ఇవాళ లోపల ఏ దారిన పోయావో చెప్పమనేది. ఆయన నిద్ర కళ్లతోనే చెప్పేవాడు.

ఆ ఆదివారం గింజలు మళ్లీ పేర్చి, వంపు లోపల ఒక చింతగింజ పెట్టింది.

"ఇది ఇల్లు. ఇప్పుడు ఈ మూడు గింజలు చూడు. నడిమిది తీస్తే, ఈ చివర నుంచి ఆ చివరకు గీత సక్కగ పోతది. మరి ఇల్లు?"

చూశాను. ఇప్పటిదాకా రోడ్డుకు కుడివైపున్న చింతగింజ, పెసర గింజ తీయగానే ఎడమవైపుకు వచ్చింది. ఇల్లు కదల్లేదు, గీతే దాని మీద నుంచి దాటిపోయింది.

"అందుకే, తీసే ముందు మూడు గింజల నడుమ ముక్కోణం చూడాలె. ముక్కోణంల ఇల్లున్నదా, ఆ గింజ ముట్టొద్దు. గీత ఎంతన్న సన్నగిల్లనీ. ఏ ఇల్లూ గీత దాటొద్దు."

ఒక్క రోడ్డయితే సులువేనట. ఊరంటే రోడ్లు, పట్టాలు, కాలువలు, అన్నీ ఒకదాన్నొకటి కలుస్తూ దాటుతూ ఉండే వల. కూడళ్లు ముడులు, దారులు పోగులు. కంప్యూటర్ వాళ్లు దాన్ని గ్రాఫ్ అంటారట. ఒక పోగు సరి చేయబోతే అది ఇంకో పోగు మీద పడుతుంది. ప్రతి చుక్క దగ్గరా చుట్టుపక్కల ఇళ్లన్నీ చూసుకుంటూ పోవాలంటే కంప్యూటర్ రోజంతా మూలుగుతూ కూర్చుంటుంది. ఆమె పోరాటమంతా దాంతోనే.

ఒకసారి ఆమె జర్నల్‌కు పంపిన పేపరు తిరిగి వచ్చింది. పద్ధతి బాగుంది కానీ చాలా నెమ్మది అని రాశారు. గైడ్ మేడం మంచి మనిషి. వదిన మంచికే చెప్పింది, ఇళ్ల అధ్యాయం పక్కన పెట్టు, మిగిలింది వేగంగా నడుస్తోంది కాబట్టి దానితో థీసిస్ పూర్తి చెయ్యి, గడువు దగ్గర పడుతోంది, ఇళ్ల సంగతి డిగ్రీ వచ్చాక చూసుకోవచ్చు అని. వదిన చాలా రోజులు ఊగిసలాడింది. చివరికి ఒప్పుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లింది.

అది జరిగిన ఏడాదే, ఒక మధ్యాహ్నం, మా వార్డుకు ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరాడక పెదాలు నల్లబడ్డాయి. మేం చేయగలిగిందంతా చేశాం. దక్కలేదు. బయట ఆయన భార్య బెంచీ మీద కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడింది. నేను చెప్పాల్సిన మాట చెప్పాను. ఆమె ఏడవలేదు. నా వైపు చూసి, "బండి కనవడ్డది బిడ్డా" అంది. "పట్టాలకు అవతల నిలవడ్డది. చెయ్యి ఊపిన. కొంగు ఊపిన. డ్రైవర్ గూడ నన్ను చూసిండు. మరి ఇటు ఎందుకు రాలె?"

ఎందుకు రాలేదో అంబులెన్స్ డ్రైవర్ చెప్పాడు. కొత్తగా చేరిన పిల్లగాడు, ఈ ఊరివాడు కాదు. వార్డు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఫోన్ ఎట్ల చెప్తే గట్లనే పోయిన అక్కా. ఇల్లు పట్టాలకు ఇటే ఉన్నదని చూపెట్టింది. ఆడికి పోతే నడుమ పట్టాలు, పట్టాల మీద బొగ్గు వ్యాగన్లు. వ్యాగన్ల సందుల నుంచి అవ్వ కనవడుతున్నది. మళ్ల తిరిగి బ్రిడ్జి కిందికెల్లి పోయేటాళ్లకు ఆలస్యమైంది."

నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గనుల అంచున ఫోన్లకు సిగ్నల్ అందదు. అందుకని డ్రైవర్ల ఫోన్లలో మ్యాపు మొత్తం ముందే ఎక్కించి ఇస్తారు. బరువు తగ్గించడానికి, మ్యాపు తయారుచేసే ఎవరో ప్రైవేటు వాళ్లు గీతలు పలచన చేశారు. అవ్వ ఉండే వరుస ఇళ్ల చుట్టూ పట్టాలు వంపు తిరిగి పోతాయి. మ్యాపులో ఆ వంపు లేదు. తిన్నగా లాగేశారు.

ఆ సాయంత్రం నేను వదినకు మామూలుగానే, డ్యూటీలో జరిగింది చెప్పుకున్నట్టే చెప్పాను. చేతిలోని ఛాయ్ గ్లాసు కింద పెట్టింది. మర్నాడు ఆ డ్రైవర్‌ను పిలిపించి ఫోన్ అడిగి తీసుకుంది. చూసి, తిరిగి ఇచ్చేసింది. "ఇదే" అంది. "నేను పక్కన వెట్టింది ఇదే."

నేను నర్సును కాబట్టి నర్సులాగే చెప్పాను. ఆయన ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయి, బండి ముందే వచ్చినా ఏమయ్యేదో చెప్పలేం అన్నాను.

"చెప్పలేం అంటున్నవ్" అంది వదిన. "బతికేటోడే కాదు అంటలేవు గదా."

ఆ మ్యాపు ఆమె చేసింది కాదు. చేసినవాళ్లకు ఆమె ఎవరో కూడా తెలియదు. అన్న ఎన్నోసార్లు నచ్చజెప్పాడు. "నువ్వు గీసిందా? నీ తప్పేంది?"

కొన్ని రోజులకు వదిన ఆ అవ్వ ఇల్లు వెతుక్కుంటూ పోయింది. తిరిగి వచ్చి, "అంతా చెప్దామని పోయిన పిల్లా. ఛాయ్ వెట్టింది. తాగి వచ్చిన" అంది. ఆ తర్వాత కూడా పోతూనే ఉండేది, అరటిపండ్లో బ్రెడ్డో పట్టుకుని. కాసేపు కూర్చుని వచ్చేది. ఎప్పుడూ చెప్పలేకపోయింది.

థీసిస్ ఆపేసింది. గైడ్ మేడం ఫోన్ చేస్తే, ఇళ్ల అధ్యాయం అయ్యాకే ఇస్తానంది. కోపంతో కాదు. ఆ పట్టుదల మాకెవరికీ అర్థం కాలేదు. మ్యాపును గళ్లుగళ్లుగా కోసి, ఏ గడిలో గింజ తీయాలంటే ఆ గడిలో ఉన్న ఇళ్లనే చూసుకునేలా పద్ధతి మార్చింది. రోజంతా మూలిగే కంప్యూటర్ అన్నం ఉడికేలోపు పని ముగించడం మొదలుపెట్టింది. ఆ డ్రైవర్ డ్యూటీ లేనప్పుడు వచ్చేవాడు. ఇద్దరూ స్కూటర్ మీద కాలనీలన్నీ తిరిగేవాళ్లు, జ్యోతినగర్ దాకా, అవతల నది దాటి రామకృష్ణాపూర్ దాకా. ఆమె వెనక కూర్చుని, "ఈ ఇల్లు కాలువకు ఏ దిక్కున్నది, ఫోన్ల చూడు" అని అడిగేది. అతను చూసి చెప్పేవాడు. తప్పుంటే దిగి, అక్కడే రోడ్డు పక్కన నిలబడి ఆలోచించేది. లారీల దుమ్ముకు ముఖం నల్లబడేది.

ఆ తిరగడంలోనే చంకలో గడ్డ ఉన్నట్టు తెలిసింది. తెలిసింది అనడం కన్నా, నాకు చెప్పింది అనాలి. ఎప్పటి నుంచి అని అడిగితే సరిగ్గా చెప్పలేదు. "ఈ పని అయినంక చూపిద్దామనుకున్న" అంది. నేను ఆమె మీద అరిచాను. అన్న పెరట్లోకి పోయి చాలాసేపు నల్లా కింద ముఖం కడుక్కున్నాడు.

హైదరాబాదులో మందులు ఎక్కించేవారు. జుట్టంతా పోయింది. పెన్సిల్ గుచ్చుకునేందుకు జడ లేక, చెవి మీద పెట్టుకునేది. వాంతులు తగ్గిన రోజున లాప్‌టాప్ అడిగేది. ఒకసారి నేను కోప్పడితే, "పిల్లా, గీతలను చూస్తుంటే కడుపుల తిప్పదు. మనుషుల ముఖాలు చూస్తెనే తిప్పుతది" అని నవ్వింది. మా ముఖాలు అలా ఉండేవి మరి.

మా దవాఖాన పెద్ద డాక్టర్ ఒప్పుకుని, మా బండ్ల ఫోన్ల వరకు ఆమె మ్యాపు ఎక్కించనిచ్చాడు. ఎక్కించిన కొన్నాళ్లకు ఆ వరుస ఇళ్ల నుంచే ఒక పిలుపు వచ్చింది. ఎవరో ఆమె కాన్పు నొప్పులు పడుతోంది. ఆ డ్రైవరే పోయాడు. తల్లిని దవాఖానలో దింపి, కాన్పయ్యాక వదినకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ పెట్టాను. "అక్కా, సక్క ఇంటి ముంగటికే తీస్కపోయింది. పట్టాలు దాటుడే లేదు!" అని అరిచినట్టే చెప్పాడు.

వదిన మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. "ఆ పిల్ల ఎట్లున్నది?" అని అడిగింది.

"మంచిగున్నది అక్కా. ఆడపిల్ల పుట్టింది."

ఆమె ముఖం వెలిగింది. నేను చూశాను, అబద్ధం చెప్పడం లేదు. కానీ ఫోన్ పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకుని, నాకు చెప్పినట్టు కాకుండా, "ముందే చెయ్యాల్సుండె" అంది.

గడువు దాటిపోయింది. యూనివర్సిటీ వాళ్లు ఒకసారి పొడిగించారు, మళ్లీ పొడిగించడానికి ఆమె సంతకం కావాలన్నారు. అప్పటికి ఆమె చెయ్యి పెన్ను పట్టే స్థితిలో లేదు. ఆమె పేరు ముందు డాక్టర్ అనే మాట రాలేదు. ఇది చిన్న సంగతే అని నాతో చాలామంది అన్నారు. నాకు చిన్నది కాదు. పెద్దపల్లి స్టేషన్‌లో చలిలో నిలబడి రైలెక్కిన ఆమెను నేను చూశాను కాబట్టి.

పదకొండో రోజున గైడ్ మేడం హైదరాబాదు నుంచి వచ్చింది. ఫోటో ముందు పూలు పెట్టి, నన్ను పక్కకు పిలిచింది. "ఆ అధ్యాయమే అసలు థీసిస్ అమ్మా" అంది. "వద్దన్నది నేనే." ఆమె చేతులు పట్టుకున్నాను. ఇంకేం చేయను? ఆ పద్ధతిని వదిన పేరు మీదే పేపరుగా రాసి పంపుతానంది. పంపుతుందనే అనుకుంటున్నాను. అది అచ్చయితే చదివి అర్థం చేసుకునే మనిషి మా ఇంట్లో ఇప్పుడు లేదు.

ఇంకొక బాధ ఉంది. ఓపెన్‌కాస్ట్ గని పెరుగుతూ ఉంటుంది. దాంతో పాటు రోడ్లు జరుగుతాయి, పాత క్వార్టర్లు కూలుతాయి, కొత్త చుట్టుదారులు పడతాయి. మ్యాపు మళ్లీ మళ్లీ చేస్తూనే ఉండాలి. వదిన నాకు నేర్పింది, ఏ బటన్ తర్వాత ఏ బటన్ అని. అంతవరకు చేయగలను. కానీ మధ్యలో అది ఆగిపోయి ఎర్రక్షరాలు చూపిస్తే ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఆమె అయితే తెర వైపు వంగి, నొసలు చిట్లించి, "ఓహో, గిదా నీ బాధ" అనేది, చంటిపిల్లను అడిగినట్టు. ఇప్పుడు ఆ ఫోన్లలో ఉన్న మ్యాపు మెల్లమెల్లగా పాతదైపోతోంది. ఈ మధ్య పడిన చుట్టుదారి ఒకటి అందులో లేదు. డ్రైవర్లు నోటిమాటగా చెప్పుకుంటున్నారు. ఆమె విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురు వచ్చి చూశారు. నేర్చుకుంటామన్నారు. చూడాలి.

పదకొండో రోజు భోజనాలయ్యాక, జనం పలచబడ్డాక, ఆ అవ్వ వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. నన్ను గుర్తుపట్టింది. వదిన ఫోటోను చాలాసేపు చూసి, కొంగుతో అద్దం తుడిచింది.

"మా ఆయన పోయినంక ఎవ్వలు రాలె బిడ్డా. ఈమె వచ్చేది. కూసునేది, ఊకె ఇల్లంత చూసేది. ఎందుకొస్తున్నదో నేను అడుగలె, ఆమె చెప్పలె. అడిగితె మళ్ల రాదేమో అనుకున్న." మళ్లీ ఆమే, "మీరు మాకు చుట్టాలా?" అని అడిగింది.

అన్న నా వైపు చూశాడు. వదిన అన్నిసార్లు పోయి చెప్పలేని మాటను నేను ఆ గుమ్మంలో నిలబడి ఎలా చెప్పను? చెప్పాలా వద్దా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. అప్పుడు మాత్రం, "చుట్టమే అవ్వా" అన్నాను.

"అనుకున్న" అంది ఆమె.

ఆమెను ఇంటి దగ్గర దింపడానికి ఆటోలో నేనే బయలుదేరాను. గని వైపు మళ్లే రోడ్డు మీద, దుమ్ము అణచడానికి పూటపూటా తిరిగే నీళ్ల ట్యాంకర్ మా ముందు నెమ్మదిగా పోతోంది. దాటే జాగా లేదు. ఆటో కూడా దాని వెనకే, అదే నడకన. ట్యాంకర్ వెనక గొట్టం నుంచి నీళ్లు జల్లులా పడుతున్నాయి, ఎర్రటి రోడ్డు వెడల్పునా నల్లగా తడుస్తోంది. అవ్వ కళ్లు మూసుకుని, గాలికి ఎగిరొచ్చే తుంపర్లకు ముఖం ఎత్తి పట్టింది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎండకు ఆ తడి, దూరపు కొస నుంచి, మా వైపే ఆరుతూ వస్తోంది.